ఎఫ్‌ఓబీ చెన్నై అంటే ఎక్కడిదాకా? పల్ప్ ఎగుమతి కొటేషన్‌లో మాటల అర్థాలు

తోతాపురి_కొత్త (చిత్తూరు):
అందరికీ నమస్తే. మాది తోతాపురి పల్ప్ యూనిట్, అసెప్టిక్ డ్రమ్ములు. ఇంతవరకు సరుకంతా మర్చంట్ ఎక్స్‌పోర్టర్ల చేతికే పోయేది, ఓడ గోల మాకు పట్టేది కాదు. ఇప్పుడు జెద్దా పార్టీ నేరుగా ధర అడుగుతా ఉన్నారు. ఎఫ్‌ఓబీ ఎంత, సీఐఎఫ్ ఎంత, రెండూ చెప్పమన్నారు. ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏర్పాటు చేసే ఏజెంటు) దగ్గర కొటేషన్ తెప్పిస్తే ఓషన్ ఫ్రైట్ (ఓడ బాడుగ), టీహెచ్‌సీ, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ సరుకు రసీదు) ఫీజు, సీల్, వీజీఎం, డీటీహెచ్‌సీ కలెక్ట్, ఫ్రీ డేస్ 7 అని వరసగా ఉండాది. విడివిడిగా చూస్తే తెలిసిన మాటల్లాగే ఉంటాయి, కలిపి చూస్తే ఎవరి జేబు ఎక్కడ మొదలైతాదో అర్థం కాలేదు. సరుకు ఒక 20 అడుగుల కంటైనర్, 80 డ్రమ్ములు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

పేపరు_పులి (తిరుపతి):
తమ్ముడూ, ఇవి ఉత్త రేటు పేర్లని అనుకోవద్దు. ఒక్కో మాటలో రెండు గీతలుంటాయి. ఖర్చు ఎక్కడిదాకా నీది అనేది ఒకటి, సరుకు పాడైతే నష్టం ఎక్కడిదాకా నీది అనేది రెండోది. ఆ రెండూ ఒకే చోట ఉండాలని లేదు.

ఎఫ్‌ఓబీలో రెండూ ఒకే చోట ఉంటాయి. సరుకు ఓడ మీదికి చేరేదాకా లారీ, కస్టమ్స్, చెన్నై టెర్మినల్ ఖర్చు, రిస్క్ అన్నీ నీవి. ఓడ బాడుగ కొనేవాడిది. సీఎఫ్‌ఆర్‌లో జెద్దా దాకా బాడుగ నువ్వు కడతావు, కానీ రిస్క్ మాత్రం చెన్నైలో ఓడెక్కగానే అవతలి మనిషికి పోతుంది. దానికి ఇన్సూరెన్స్ చేరిస్తే సీఐఎఫ్. నడిసముద్రంలో సరుకు తడిస్తే సీఐఎఫ్‌లో కూడా నష్టం కొనేవాడిదే, నువ్వు తీసిన పాలసీ మీద క్లెయిమ్ వేసుకునేది అతనే. "సీఐఎఫ్ జెద్దా కదా, జెద్దా చేరేదాకా బాధ్యత అమ్మేవాడిది" అని రెండు వైపులా పొరబడతారు. ఆ అర్థం రావాలంటే రాయాల్సిన మాట డీఏపీ.

ఈ మాటల మూట పేరు ఇంకోటెర్మ్స్. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదలుపెట్టింది, ఇప్పుడు నడిచేది 2020 కూర్పు, మొత్తం 11 మాటలు. ఎఫ్‌ఏఎస్, ఎఫ్‌ఓబీ, సీఎఫ్‌ఆర్, సీఐఎఫ్ నాలుగూ ఓడలకే. మిగతా ఏడు లారీ, విమానం, ఓడ దేనికైనా సరిపోతాయి. పాత కాంట్రాక్టు నకలు కొట్టి డీఏటీ (గమ్యం టెర్మినల్‌లో దించి అప్పజెప్పడం) అని రాసుకోవద్దు, 2020లో ఆ జాగా డీపీయూది. ధర పక్కన రేవు పేరు, "ఇంకోటెర్మ్స్ 2020" రెండూ ఉండాల.

హార్బర్_గేటు (పుత్తూరు, పని చెన్నైలో):
పులి గారు చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోను. సరుకు కంటైనర్‌లో పోతా ఉంటే ఎఫ్‌ఓబీ అసలు సరైన మాటే కాదు. ఎఫ్‌సీఏ రాయాల.

ఎందుకంటే కంటైనర్‌ను నువ్వు ఓడ మీద పెట్టవు, టెర్మినల్ గేటులో అప్పజెబుతావు. అక్కడినుంచి ఓడెక్కేదాకా రెండు రోజులు కావచ్చు, వారం కావచ్చు. ఓడలో చోటు లేక లైన్‌వాళ్లు (ఓడ కంపెనీ) తర్వాతి ఓడకు తోసేస్తే దాన్నే రోలోవర్ అంటారు. అసలు ఆ ట్రిప్పే ఎత్తేస్తే బ్లాంక్ సెయిలింగ్. ఈ రోజులన్నీ కంటైనర్ యార్డ్‌లో ఉంటుంది, నీ చేతిలో ఉండదు, ఎఫ్‌ఓబీ రాసినందుకు రిస్క్ మాత్రం నీది. క్రేన్ జారినా, యార్డ్‌లో నీళ్లు చేరినా నీ నెత్తినే. ఎఫ్‌సీఏ అయితే క్యారియర్‌కు (సరుకు మోసే కంపెనీకి) అప్పజెప్పిన క్షణంలోనే నీ రిస్క్ తీరిపోతుంది.

పేపరు_పులి:
రూలు ప్రకారం మీరు చెప్పిందే కరెక్టు, మండలి పుస్తకం కూడా అదే చెబుతుంది. కానీ కొనేవాడి బ్యాంకు ఎల్‌సీలో (కాగితాలు సరిగా ఉంటే డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ) "షిప్డ్ ఆన్ బోర్డ్" బీఎల్ అడుగుతుంది. ఎఫ్‌సీఏలో గేటు దగ్గర వచ్చేది "రిసీవ్డ్ ఫర్ షిప్‌మెంట్" మాత్రమే. 2020 కూర్పులో దీనికి దారి పెట్టారు, ఆన్ బోర్డ్ బీఎల్ ఇమ్మని కొనేవాడే తన క్యారియర్‌కు చెప్పేటట్టు ఒప్పుకోవచ్చు. అది రాతలో ఉండాల. పార్టీ ఎఫ్‌ఓబీ మీదే పట్టుబడితే ఫ్యాక్టరీ గేటు నుంచి ఓడెక్కేదాకా నీ పేరు మీద ట్రాన్సిట్ పాలసీ తీసుకో తమ్ముడూ. ఆ ఖర్చు ఎఫ్‌ఓబీ ధరలోనే కలుపు.

హార్బర్_గేటు:
దానికి నేను సరే. పాలసీ లేని ఎఫ్‌ఓబీ వద్దనేదే నా మాట.

లెక్కలక్క (తిరుపతి):
ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి పులి గారి ఉదాహరణకు చిన్న సవరణ. సీఐఎఫ్‌లో అమ్మేవాడు తీయాల్సిన కనీస పాలసీ 'సీ' క్లాజులది (సరుకు బీమాలో 'ఏ', 'బీ', 'సీ' అని మూడు రకాలు, 'సీ'లో రక్షణ అన్నిటికన్నా తక్కువ). మంట, ఓడ మునక, ఢీకొనడం లాంటివే అందులో ఉంటాయి. దొంగతనం లేదు, కంటైనర్‌లోకి సముద్రపు నీళ్లు చొరబడటం కూడా లేదు. కాబట్టి "తడిస్తే క్లెయిమ్" అనేది సీ క్లాజులో రాదు, 'బీ' లేదా 'ఏ' క్లాజులు తీసుకుంటేనే వస్తుంది. సీఐపీ (సీఐఎఫ్ లాంటిదే, ఓడకే కాక దేనికైనా సరిపోయేది) అని రాస్తే 2020 కూర్పు ప్రకారం 'ఏ' క్లాజులే తీయాల. రెండింటికీ ఒక్క అక్షరమే తేడా. పాలసీ మొత్తం సరుకు విలువకు 110 శాతం ఉండాలి, తేదీ ఓడెక్కిన తేదీ దాటకూడదు. ఏ క్లాజులున్నా సరుకు దానంతట అది చెడితే క్లెయిమ్ రాదు. బ్యాగ్ సీల్ సరిగా పడక పల్ప్ పులిసి డ్రమ్ము ఉబ్బితే అది మీ నష్టమే.

కస్టమ్స్ లెక్క వేరు. మీ ఇన్వాయిస్ సీఐఎఫ్ అయినా షిప్పింగ్ బిల్లులో (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి డిక్లరేషన్) ఫ్రైట్, ఇన్సూరెన్స్ విడిగా చూపించి తీసేస్తే మిగిలేది ఎఫ్‌ఓబీ విలువ. రోడ్‌టెప్, డ్రాబ్యాక్ (ఎగుమతిదారుకు పన్నులు తిరిగిచ్చే పథకాలు) శాతాలు దానిమీదే కడతారు. ఫ్రైట్ గడిలో సున్నా వేసి పంపితే ఎఫ్‌ఓబీ విలువ పొంగిపోతుంది, ఆనక అది తప్పుడు డిక్లరేషన్ కింద వస్తుంది.

మొదటిసారి నేరుగా పంపుతున్నారు కాబట్టి ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్), చెన్నై కస్టమ్స్‌లో మీ బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ డబ్బు అందుకునే బ్యాంకు శాఖ కోడ్) రిజిస్ట్రేషన్, జీఎస్టీ ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం), అపెడా (వ్యవసాయ ఎగుమతుల సంస్థ) ఆర్‌సీఎంసీ సభ్యత్వ పత్రం ఈ నాలుగూ సరుకు కదలకముందే ఉండాలి. ఏడీ కోడ్ ఏ రేవులో రిజిస్టర్ చేశారో చూసుకోండి. చెన్నైలో చేసి సరుకు వేరే రేవుకు పంపితే అక్కడ షిప్పింగ్ బిల్లు కదలదు.

తోతాపురి_కొత్త:
అక్కా, ఐఈసీ, ఆర్‌సీఎంసీ ఉండాయి, ఏడీ కోడ్ రేపే అడుగుతా. ఫ్రీ డేస్ 7 అంటే ఏంది? డెమరేజ్, డిటెన్షన్ అని రెండు మాటలు కింద చిన్నక్షరాల్లో ఉండాయి.

కుప్పం_గ్రానైట్:
డెమరేజ్ అంటే ఓడను అనుకున్న సమయం కన్నా ఎక్కువసేపు రేవులో నిలబెట్టినందుకు కట్టేది. లేటైమ్ అని ఇన్ని రోజులు ఇస్తారు. దాటితే డెమరేజ్, ముందే ముగిస్తే డెస్పాచ్ అని వాళ్లే వెనక్కి ఇస్తారు, మామూలుగా అందులో సగం.

హార్బర్_గేటు:
స్వామీ, అది ఓడ మొత్తం అద్దెకు తీసుకున్నప్పటి మాట. బ్లాకులు ఓడ నిండా పోసేవాళ్లకు సరే, కంటైనర్ లోకంలో ఇదే పదానికి వేరే అర్థం.

నిండు కంటైనర్ రేవులో ఫ్రీ డేస్ దాటి కూర్చుంటే డెమరేజ్. కంటైనర్ బయట నీ దగ్గర, లేదా కొనేవాడి గోడౌన్‌లో ఉండి ఖాళీగా తిరిగి డిపోకు చేరడం లేటైతే డిటెన్షన్. ఎగుమతిలో ఖాళీ బాక్సు ఎత్తుకున్న రోజు నుంచి రేవు గేటు లోపల పడేదాకా నీ డిటెన్షన్ గడియారం నడుస్తుంది. చిత్తూరు నుంచి చెన్నై ఒక రాత్రి దారి, బాక్సును నాలుగు రోజుల ముందే తెచ్చి యార్డ్‌లో పెట్టుకోవాల్సిన పని లేదు. ఈ రెండూ కాక సీఎఫ్‌ఎస్ (రేవు బయటి కంటైనర్ గోడౌన్) వాడు, టెర్మినల్ వాడు వసూలు చేసేది గ్రౌండ్ రెంట్. అది లైన్ ఖాతాలో పడదు, కాబట్టి లైన్ ఇచ్చిన ఫ్రీ డేస్ దానికి వర్తించవు.

స్లాబు ఎట్ల పెరుగుతుందో ఒక లెక్క చూడు, రేట్లు ఉదాహరణకే. 7 రోజులు ఫ్రీ, 8 నుంచి 12 దాకా రోజుకు 40 డాలర్లు, ఆ తర్వాత 80. డాక్యుమెంట్లు లేటై జెద్దాలో బాక్సు 20వ రోజు విడిపిస్తే 5 రోజులకు 200, 8 రోజులకు 640, మొత్తం 840 డాలర్లు. ఆదివారాలు, పండగలు మినహాయింపు లేదు. కొనేవాడు సరుకు విడిపించుకోకుండా చేతులెత్తేస్తే లైన్ నీ వెంటే పడుతుంది, బీఎల్‌లో షిప్పర్‌వి (సరుకు పంపేవాడివి) నువ్వే కదా. అందుకే బుకింగ్ అప్పుడే "గమ్యంలో 14 రోజులు, కంబైన్డ్" (డెమరేజ్, డిటెన్షన్ రెండూ కలిపి) అని అడిగి రాతలో తీసుకో. ఓడ బయల్దేరాక అడిగితే వినే నాథుడుండడు.

పేపరు_పులి:
మిగతా చార్జీలు గబగబా చెప్పేస్తా. టీహెచ్‌సీ టెర్మినల్‌లో కంటైనర్ ఎత్తిదించే ఖర్చు, చెన్నైది నువ్వు కడతావు. డీటీహెచ్‌సీ అదే పని జెద్దాలో, కలెక్ట్ అంటే అక్కడ కొనేవాడు కడతాడు. సీఐఎఫ్‌లో దీనిమీదే గొడవలు వస్తాయి, ధరతోపాటు "గమ్యం టీహెచ్‌సీ కొనేవాడి ఖాతా" అని ఒక ముక్క రాయి. బీఏఎఫ్, ఎల్‌ఎస్‌ఎస్ ఇంధనానికి. ఓడ ఇంధనంలో గంధకం 0.50 శాతం మించకూడదని 2020 జనవరి 1 నుంచి రూలు వచ్చాక ఈ రెండోది పెట్టారు. జీఆర్ఐ అంటే రేటు పెంపు, పీఎస్‌ఎస్ సీజన్ రద్దీకి. వార్ రిస్క్ ఎర్రసముద్రం దారికి. జెద్దా ఆ సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి నీకు దారి మళ్లించే వీలు లేదు. 2023 చివరి నుంచి యూరప్ ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టి పోయినాయి, ప్రయాణం పది రోజులకు పైనే పెరిగింది. కొటేషన్‌లో "ఆల్ ఇన్" అని ఉందా, "సబ్జెక్ట్ టు" అని ఉందా చూసుకో. రెండోదైతే పైవన్నీ ఎప్పుడైనా పైన పడతాయి.

డ్రమ్ముల_మేస్త్రీ (బంగారుపాళెం):
వీజీఎం గురించి ఎవరూ చెప్పలేదు, లోడింగ్ దగ్గర ఎక్కువ తప్పులు ఇందులోనే.

వీజీఎం అంటే డ్రమ్ములు, చెక్కలు, బెల్టులు, ఖాళీ బాక్సు బరువు అన్నీ కలిపిన మొత్తం. 2016 జూలై 1 నుంచి ఇది లేనిదే ఓడెక్కనివ్వరు. మన లెక్క ఇది. డ్రమ్ములో పల్ప్ 215 కిలోలు, డ్రమ్ము, బ్యాగ్, లైనర్ కలిపి 17 అనుకుంటే గ్రాస్ 232. ఇంటూ 80 అంటే 18,560. మధ్య ప్లైవుడ్, బెల్టులు 100. బాక్సు టేర్ (ఖాళీ బరువు) 2,200 అనుకో. మొత్తం 20,860 కిలోలు. ఇది వీజీఎం. బీఎల్‌లో, ప్యాకింగ్ లిస్టులో పడే గ్రాస్ 18,560. నెట్ 17,200. ఈ మూడు అంకెలు మూడు చోట్ల ఉండాల. గ్రాస్‌నే వీజీఎం అని పంపితే టెర్మినల్ వేబ్రిడ్జిలో రెండు టన్నుల పైన తేడా పడుతుంది, బాక్సు ఆపేస్తారు. టేర్ బరువు అంచనాకు వేసుకోవద్దు, తలుపు మీద రాసుంటుంది, ఒక్కో బాక్సుకు ఒక్కో రకం.

ఖాళీ బాక్సు రాగానే లోపలికి పోయి తలుపులు మూయించండి. చీకట్లో ఎక్కడైనా సూదిమొన అంత వెలుతురు కనబడితే ఆ బాక్సు వెనక్కి. నేలమీద మేకులు, నూనె మరకలు, మందు వాసన చూడండి. డ్రమ్ము వ్యాసం 58 సెంటీమీటర్ల చిల్లర, బాక్సు లోపలి వెడల్పు 2.35 మీటర్లు, పొడవు 5.9. అడ్డంగా 4, పొడవునా 10, అంటే అంతస్తుకు 40. మొదటి అంతస్తు మీద ప్లైవుడ్ పరిచి రెండోది. తలుపు వైపు వరసకు బెల్టు కచ్చితంగా వేయాల, లేకుంటే జెద్దాలో తలుపు తీసినవాడి మీదికే వస్తాయి.

ప్యాలెట్లు వేస్తే చెక్క మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాల. చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించినట్టు గుర్తు అది, హెచ్‌టీ అని ఉంటుంది. అడ్డంపెట్టిన ఉత్త చెక్క ముక్కకు కూడా ఇదే రూలు.

హార్బర్_గేటు:
మేస్త్రీ, భలే చెప్పినావు. దానికి ఒకటి చేరుస్తా. కంటైనర్ నంబరు నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె చెక్ డిజిట్, ముందున్న పదింటి నుంచి లెక్కగట్టి వచ్చేది, తలుపు మీద గడి గీసి చూపిస్తారు. ఒక్క అంకె తప్పు కొట్టినా లైన్ సిస్టమ్ తీసుకోదు, అంతవరకు మేలే. కానీ సీల్ నంబరుకు అట్లాంటి కాపలా లేదు. ఫ్యాక్టరీలో సొంతంగా సీల్ వేస్తే ఆర్‌ఎఫ్‌ఐడీ ఈ-సీల్ నంబరు, లైన్ బోల్ట్ సీల్ నంబరు రెండూ ఫొటో తీసి షిప్పింగ్ బిల్లు చేసేవాళ్లకు పంపండి, ఫోన్‌లో చదివి చెప్పొద్దు. మన వైపు బాక్సులంటే ఎర్రచందనం అనుమానం ఎప్పుడూ ఉంటుంది. సీల్ తేడా వస్తే పల్ప్ డ్రమ్ములన్నీ కిందికి దించి చూస్తారు.

కటాఫ్‌లు ఒకటి కాదు. ఎస్‌ఐ కటాఫ్‌లోపు బీఎల్ వివరాలు పంపాల, తర్వాత వీజీఎంది, ఆ తర్వాత గేటుది. కస్టమ్స్ నుంచి ఎల్‌ఈఓ (ఎగుమతికి అనుమతి) రాకుండా బాక్సు లోపల పడి ఉన్నా ఓడెక్కదు, షట్ అవుట్ అయిపోతుంది.

తోతాపురి_కొత్త:
బీఎల్‌లో హౌస్, మాస్టర్ అని రెండు రకాలంట కదా? పార్టీ టెలెక్స్ రిలీజ్ కావాలంటా ఉన్నాడు.

పేపరు_పులి:
మాస్టర్ బీఎల్ షిప్పింగ్ లైన్‌ది, హౌస్ బీఎల్ ఫార్వర్డర్ ఇచ్చేది. హౌస్ ఉంటే మాస్టర్‌లో షిప్పర్‌గా ఫార్వర్డర్, కన్సైనీగా (సరుకు అందుకునేవాడిగా) అతని జెద్దా ఏజెంటు ఉంటారు. నీకు లైన్‌తో నేరుగా చుట్టరికం లేదన్నమాట. ఒక్క కంటైనర్ నిండా నీ సరుకే కాబట్టి మాస్టరే అడుగు.

ఒరిజినల్స్ మూడు ఇస్తారు. ఒక్కటి చూపించినా సరుకు విడిపిస్తారు, అందుకే బ్యాంకులు "ఫుల్ సెట్" అడుగుతాయి. కన్సైనీ గడిలో "టు ఆర్డర్" అని ఉంటే వెనుక సంతకంతో చేతులు మారుతుంది, నీ డబ్బుకు అదే తాడు. టెలెక్స్ రిలీజ్ అంటే ఆ మూడూ చెన్నైలోనే లైన్‌కు తిరిగి ఇచ్చేస్తావు, వాళ్లు జెద్దా ఆఫీసుకు మెయిల్ పెడతారు, అక్కడ కాగితం లేకుండానే సరుకు పోతుంది. పేరే టెలెక్స్, ఆ మిషన్ ఎప్పుడో పోయింది. డబ్బు పూర్తిగా ఖాతాలో పడకముందు మాత్రం ఒప్పుకోవద్దు. సరెండర్ చేశాక తాడు తెగినట్టే. సీ వేబిల్‌కైతే ఒరిజినలే ఉండదు, కొత్త పార్టీకి దాని జోలికే పోవద్దు.

బీఎల్‌లో "షిప్పర్స్ లోడ్, స్టో అండ్ కౌంట్" అని ఉంటుంది, బెంగపడొద్దు. డ్రమ్ములు ఎన్నని లైన్ లెక్కపెట్టలేదని అర్థం. అందుకే లోడింగ్ ఫొటోలు దాచిపెట్టుకోవాల.

లెక్కలక్క:
ఎల్‌సీ అయితే యూసీపీ 600 (ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాలు) నడుస్తుంది. ఓడెక్కిన తేదీ నుంచి 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు దాటకుండా కాగితాలు బ్యాంకులో పడాలి. చూడటానికి బ్యాంకుకు 5 పనిదినాలు. ఎక్కువ తిప్పికొట్టేది ఈ తప్పుకే: ఇన్వాయిస్ సీఐఎఫ్, బీఎల్ మీద "ఫ్రైట్ కలెక్ట్". సీఎఫ్‌ఆర్, సీఐఎఫ్‌లకు ప్రీపెయిడ్, ఎఫ్‌ఓబీకి కలెక్ట్. డ్రాఫ్ట్ బీఎల్ వచ్చినప్పుడే చూసుకోవాలి, ఒరిజినల్ ముద్రించాక ప్రతి సవరణకూ డబ్బే.

మీరు ఎల్‌యూటీ కాకుండా ఐజీఎస్‌టీ కట్టి పంపితే ఇంకో చిక్కు. ఓడ పోయాక ఈజీఎం (ఓడెక్కిన సరుకు జాబితా) దాఖలు కాకపోతే ఐస్‌గేట్‌లో (కస్టమ్స్ వెబ్‌సైట్) ఎస్‌బీ006 అని చూపించి రిఫండ్ ఆగుతుంది. ఇన్వాయిస్ నంబరు జీఎస్టీ రిటర్న్‌లో ఒకటి, షిప్పింగ్ బిల్లులో ఒకటి ఉంటే ఎస్‌బీ005. చుక్క, గీత తేడా కూడా తేడానే.

మాధవమాల_బొమ్మ:
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోవద్దు. చెక్క బొమ్మలు, ఒకటే పెట్టె, 60, 50, 40 సెంటీమీటర్లు, బరువు 11 కిలోలు. విమానంలో 20 కిలోలకు బిల్లు వేస్తామంటున్నారు. మోసమా?

హార్బర్_గేటు:
మోసం లేదు. 60 ఇంటూ 50 ఇంటూ 40 అంటే 1,20,000, దాన్ని 6000తో భాగిస్తే 20. అదే వాల్యూమ్ బరువు, అసలు బరువుతో పోల్చి ఏది పెద్దదైతే దానికి కడతారు. కొరియర్ వాళ్లు 5000తో భాగిస్తారు, అప్పుడు 24. పెట్టె ఎత్తు 40 నుంచి 30కి తగ్గించగలిగితే 15కి దిగుతుంది. ఎర్రచందనం బొమ్మలైతే ఈ లెక్కలతో పని లేదు, అది సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధం 2లో ఉంది, అనుమతుల దారే వేరు.

ఓడలో ఎల్‌సీఎల్ (ఇతరుల సరుకుతో కలిపి కంటైనర్‌లో కొంత భాగం) పంపినా ఇట్లాంటిదే ఉంది, డబ్ల్యూఎం అంటారు. టన్ను, ఘనపు మీటరు, రెండింట్లో ఏది ఎక్కువో అది. తమ్ముడు శాంపిల్‌కు 4 డ్రమ్ములు పంపితే బరువు 928 కిలోలే, కానీ 1.2 మీటర్ల ప్యాలెట్ మీద 1.05 ఎత్తుకు 1.5 ఘనపు మీటర్లు వస్తుంది, బిల్లు దానికే.

తోతాపురి_కొత్త:
పార్టీకి ఇట్ల రాస్తాండా, చూడండి: "ఎఫ్‌ఓబీ చెన్నై పోర్ట్, ఇంకోటెర్మ్స్ 2020. 80 డ్రమ్ములు, నెట్ 17,200 కిలోలు, ఒక 20 అడుగుల కంటైనర్. ఫ్రైట్ కలెక్ట్. ఎల్‌సీ మీద, మాస్టర్ బీఎల్ ఫుల్ సెట్ టు ఆర్డర్, టెలెక్స్ రిలీజ్ లేదు. గమ్యంలో ఫ్రీ డేస్ కొనేవాడు తన లైన్‌తో మాట్లాడుకోవాల." ట్రాన్సిట్ పాలసీ ఓడెక్కేదాకా నేను తీసుకుంటా.

హార్బర్_గేటు:
అంతా బాగుంది, ఒక్క మాట మార్చు. ఎఫ్‌ఓబీ కాబట్టి ఓడ ఎంచుకునేది అతను. అతని లైన్ ఓడ చెన్నైకి కాకుండా కాట్టుపల్లికి వస్తే? అది వేరే రేవు. ఎల్‌సీలో లోడింగ్ పోర్ట్ చెన్నై అని, బీఎల్‌లో కాట్టుపల్లి అని పడితే బ్యాంకు డిస్క్రిపెన్సీ (కాగితాల్లో తేడా) అంటుంది. ఎఫ్‌ఓబీ పక్కన "చెన్నై లేదా కాట్టుపల్లి" అని రాయి, ఎల్‌సీలో లోడింగ్ పోర్ట్ "ఎనీ ఇండియన్ పోర్ట్" అని పెట్టించు.

లెక్కలక్క:
ఏడీ కోడ్ కూడా రెండు చోట్లా.

తోతాపురి_కొత్త:
మార్చి పంపుతున్నా అన్నా. బ్యాంకుకు లెటర్ రెండు రేవులకూ కలిపే అడుగుతా అక్కా.